లెక్కలో లేని ఏడు గొట్టాలు

గొట్టంలో పీలిక ఎక్కడ ఇరుక్కుంటుందో అది ఇరుక్కోకముందే చెప్పగలను నేను. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు. ఆ రోజు కూడా అలాగే చెప్పాను.

"తిరుపతమ్మక్కా, ఒక్క నిమిషం కట్ట ఆపు. రెండో వంపు దగ్గర పేరుకుంటోంది" అన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"ఇక్కడేం లేదమ్మా, గాలి బానే లాగుతోంది" అంది తిరుపతమ్మ, కత్తి కిందకి ఇంకో నోటుపుస్తకాల కట్ట తోయబోతూ.

"ఇప్పుడు లేదు. ఇంకాసేపట్లో ఉంటుంది."

నవ్వింది గాని ఆపింది. ఫ్యాను దానంతటదే జోరందుకుంది. పైన రేకు గొట్టంలో ఏదో గరగరమని కదిలి, వంపు దాటి, పెరట్లో ఉన్న పెద్ద గరాటులోకి దబ్బున పడింది. తిరుపతమ్మ పైకి చూసి, నా వైపు చూసి, "మీ తోడికోడలు గట్టిదే" అని మళ్లీ పనిలో పడింది.

తోడికోడలంటే నా ప్రోగ్రాము. మేం పెట్టిన పేరు జంట. ఆటోనగర్లో రంగనాయకులు గారి ఫ్యాక్టరీలో స్కూలు నోటుపుస్తకాలు తయారవుతాయి. పుస్తకం అంచులు కోసినప్పుడు సన్నటి కాగితం పీలికలు రాలతాయి. ప్రతి కత్తి మిషను పక్కనా ఒక రేకు మూతి ఉంటుంది. అది పీలికల్ని పీల్చుకుంటే, పైకప్పు కింద పాకే గొట్టాల్లోంచి గాలి వాటిని పెరట్లోకి మోసుకుపోతుంది. ఆ గొట్టాలకి నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు ఇలియాస్ కలిసి కంప్యూటర్లో ఒక జంటని చేశాం. నిజం గొట్టంలో ఒక పీలిక ఎగిరితే జంటలోనూ ఒకటి ఎగురుతుంది. ఆ తర్వాత జంట కాస్త ముందుకి పరిగెత్తి, ఆ పీలిక ఎక్కడ ఆగబోతోందో చూసొచ్చి, ఫ్యానుకి ఎంత జోరు కావాలో చెబుతుంది. ఎప్పుడూ ఏదో ఒక వంక పెడుతుంది కాబట్టి ఆడవాళ్లు దాన్ని తోడికోడలన్నారు. నాకూ ఆ పేరే నచ్చింది.

ఏడు కత్తులు, ఏడుగురు ఆడవాళ్లు. మూడో కత్తి మా వదినది. వీరవేణి. అన్నయ్య పోయాక నాతో ఉంటోందని చుట్టాలంటారు గాని, ఇల్లు ఆవిడది, ఆవిడ దగ్గర నేనుంటున్నాను. నన్ను ఈ ఫ్యాక్టరీకి తీసుకొచ్చింది కూడా ఆవిడే. "మా ఆడపడుచు గాలి లెక్కలు కడుతుందండీ" అని రంగనాయకులు గారికి చెప్పిందట.

రంగనాయకులు గారికి ఒకటే భయం, నిప్పు. ఆయన పాత షెడ్డు గొట్టాల్లో నిలిచిన కాగితం నుసికి నిప్పంటుకుని బూడిదైపోయింది. అందుకే మా ఒప్పందంలో పట్టుబట్టి ఒక మాట రాయించారు. ఏ గొట్టంలోనూ నుసి నిలవకూడదు. నిలుస్తోందని జంట చెబితే ఎవర్నీ అడక్కుండా లైను ఆపెయ్యాలి. "నన్ను కూడా అడగొద్దమ్మా" అన్నారు. మంచి మనిషే. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత ఆయన్ని తిడతాను కాబట్టి.

*

జంటకి చెవులు కావాలి. గొట్టాల పొడుగునా, మూతుల లోపల, స్టీలు బొత్తాలు బిగించాం. ఒక్కో బొత్తం మధ్య సూది దూరేంత బెజ్జం ఉంటుంది. దాంట్లోంచి బయటి గాలితో పోల్చుకుని లోపలి గాలి ఒత్తిడి వింటుంది. దోమ రెక్క ఆడించినా తెలిసేంత సున్నితం. ఆ బొత్తాల కోసం ఇలియాస్ నిద్ర మానుకుని పనిచేశాడు.

ఇంకో సంగతి. పాత ఫ్యాక్టరీల్లో ఎవరు ఎప్పుడు ఏ గొట్టం అతికించారో కట్టించినవాళ్లకే గుర్తుండదు. అందుకని జంటకి ఒక బుద్ధి నేర్పాం. నీకు వినిపించినదానికి కారణం మేమిచ్చిన బొమ్మలో లేకపోతే, ఉండాల్సిన గొట్టమేదో నువ్వే గీసుకో అని. ఈ బుద్ధే తర్వాత మా కొంప ముంచింది, లేదా నిలబెట్టింది.

దసరాకి ఆయుధ పూజ చేశారు. మిషన్లు కడిగారు, మామిడాకులు కట్టారు, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. గంధం మా వదిన తీసింది. సాన మీద ఆవిడ తీస్తే వెన్నలా వస్తుందని అందరూ ఆవిడకే అప్పగిస్తారు. పెట్టేది మాత్రం మిగతావాళ్లు. కత్తులకి పెట్టారు, మూతులకి పెట్టారు, స్టూళ్లెక్కి గొట్టాలకి కూడా పెట్టారు. గొట్టమంతా ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తుంటే, గుండ్రంగా తళతళలాడుతూ బొత్తాలు కనిపించాయి. అంత చక్కటి చోటు వదులుతారా. ఒక్కో బొత్తం మీద గంధం మెత్తి, మధ్యలో బెజ్జం ఉన్నచోటే కుంకుమ అద్దారు.

మిగిలిన గంధం పేరంటంలోలాగా ఒకరి మెడకొకరు రాసుకున్నారు. పళ్లెం వదిన దాకా వచ్చింది. ఆవిడ దాన్ని అందుకుని, తను పెట్టించుకోకుండా పక్కావిడకి అందించింది. అన్నయ్య పోయాక గంధం తీయడం మానలేదు, పెట్టించుకోవడం మానేసింది. అందరికీ అది అలవాటైపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

*

సెలవులయ్యాక లైను మొదలైంది. ఇలియాస్ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, జంటకి పిచ్చెక్కింది. కొత్త గొట్టాలు గీస్తోంది."

చూశాను. పైన ఉన్న గొట్టాల బొత్తాలన్నీ మూగబోయాయి. గంధం ఎండి గట్టిపడిందని తర్వాత స్టూలెక్కి చూసుకుని ఇద్దరం తల పట్టుకున్నాం. పైనుంచి ఏమీ వినబడకపోయేసరికి జంట, గంధం చేరని మూతుల లోపలి బొత్తాలకే చెవి ఒగ్గింది. అక్కడ ఇన్నాళ్లూ పట్టించుకోనిదేదో దానికి వినిపించింది. మూతుల ముందు ఏడు గొట్టాలు గీసింది, కత్తికొకటి చొప్పున.

"ఎక్కడున్నాయిరా ఈ గొట్టాలు? నువ్వేమన్నా కెలికావా?"

"నేనేం కెలకలేదక్కా. ఇంకో విచిత్రం చూడు. ఏ గొట్టంలోనైనా గాలి ఒకవైపే పోవాలి కదా. ఇవి పీలుస్తున్నాయి, మళ్లీ వదులుతున్నాయి."

లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. అన్నీ ఒకేసారి కాదు, దేని తీరు దానిది. ప్రోగ్రాములో తప్పుందని మధ్యాహ్నం దాకా వెతికాం. ఇలియాస్ మీద అరిచాను, వాడు నా మీద అలిగాడు. టీ గంట కొట్టారు. ఏడు గొట్టాలూ ఒకదాని తర్వాత ఒకటి తెర మీంచి మాయమయ్యాయి. టీలయ్యాక తిరుపతమ్మ ముందు వచ్చి తన కత్తి దగ్గర నిలబడింది. ఒక గొట్టం వచ్చింది. ఇంకో ఇద్దరు వచ్చారు. ఇంకో రెండు వచ్చాయి.

ఇలియాస్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "యా అల్లా" అన్నాడు మెల్లిగా.

ఊపిరితిత్తులు. జంటకి మనుషులు తెలియరు. గాలి పోయి వచ్చే దారి తెలుసు, ఆ దారిలో నుసి ఎంత పోయిందో, ఎంత తిరిగి రాలేదో తెలుసు. ఇన్నాళ్లూ పెరట్లో పడే నుసికి, కత్తుల దగ్గర రేగే నుసికి కాస్త తేడా వస్తుంటే, నేల మీద పడుతోందిలే అనుకున్నాం. నేల మీద పడటం లేదు. మాస్కులున్నాయి, కాదనను. చెమటకి తడిసి, మాట్లాడుకోవడానికి కిందకి లాగి, గడ్డాల కింద ఉన్నాయి.

ఏడింటిలో ఆరు ఫరవాలేదు. మూడోది సన్నగా ఉంది. మిగతావాటిలో గాలి తాపీగా పోయి వస్తుంటే, దాంట్లో ఈడ్చుకుంటూ పోతోంది, ఈడ్చుకుంటూ వస్తోంది.

నేను తెర మీంచి తలెత్తి మా గది అద్దంలోంచి మూడో కత్తి వైపు చూశాను. వదిన కట్ట సర్దుతోంది. ఎప్పటిలాగే ఉంది.

*

కృష్ణలంకలో మాది రెండో అంతస్తు. ఆ సాయంత్రం ఆవిడ వెనకే మెట్లెక్కాను. మధ్యలో ఆగింది. చేతిలో కూరల సంచి కింద పెట్టి, వంకాయలు పక్కకి, ఆకుకూర పైకి సర్దింది. ఇన్నాళ్లూ ఆవిడకి సర్దుడెక్కువని నవ్వేదాన్ని.

"ఎన్నాళ్ల నుంచి వదినా?"

"ఏది?"

"మెట్ల మీద సంచి సర్దడం."

నా మొహం చూసి గ్రహించింది. లోపలికొచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అప్పుడు మాట్లాడింది. "నీ తోడికోడలు చెప్పిందా?"

"చెప్పింది."

"రంగనాయకులు గారికి కూడా చెబుతుందా?"

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆవిడ అడగాల్సింది అది కాదు. నాకేమైందే అని అడగాలి, తగ్గుతుందా అని అడగాలి.

"దగ్గుతోందని ఒకావిణ్ణి ఇంట్లో రెస్టు తీసుకోమన్నారు. ఇంతవరకూ మళ్లీ రమ్మనలేదు" అంది బియ్యం కడుగుతూ. "ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఎవరికైనా ఏమైనా అయితే తన మీదకొస్తుందని. నాంచారీ, నేను కత్తి దగ్గర నిలబడితే వీరవేణిని. ఇంట్లో కూర్చుంటే పోయినాయన పెళ్లాన్ని. నా పేరు చెప్పకు."

"చెప్పకపోతే నువ్వు చస్తావు" అన్నాను. అంత మాట ఎందుకన్నానో తెలీదు. అన్నాక ఏడుపొచ్చింది, గడప మీదే కూర్చుని ఏడ్చాను.

వదిన చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "గొట్టం పూడుకుంటే నువ్వేం చేస్తావే?"

"ఫ్యాను పెంచుతా. వంపు మారుస్తా."

"మరి అదే చెయ్యి. ఏడుస్తావేం. చోటు పేరు చెప్పు, మనిషి పేరు చెప్పకు. అంతే."

*

పక్కరోజు నుంచి నేను, ఇలియాస్ జంటలో ఆ ఏడు గొట్టాల్ని చెరపకుండా అట్టే పెట్టి, మూతుల్ని తెర మీదే జరిపి చూడటం మొదలెట్టాం. మూతి పైనుంటే నుసి ముందు మొహం దాకా లేచి అప్పుడు మూతిలోకి పోతోంది. మూతిని కత్తి కిందకి దించాం. నయమే గాని చాల్లేదు. పక్కన చిన్న రేకు అడ్డం పెట్టాం. ఫ్యాను పెంచాం. పెంచితే పీలికలతోపాటు మంచి కాగితం కూడా లేచిపోతోంది. మళ్లీ తగ్గించాం, మళ్లీ దించాం. చివరికి ఒక తీరు కుదిరింది. ఏడు గొట్టాల్లోకీ నుసి పోవడం ఆగింది.

"ముందుకి పరిగెత్తించు" అన్నాను. ఏళ్లు ముందుకి పంపాడు ఇలియాస్. ఆరు గొట్టాలు అలాగే ఉన్నాయి. మూడోది కూడా అలాగే ఉంది, ఇప్పుడెంత సన్నగా ఉందో అంతే సన్నగా.

"వెడల్పవ్వదా?"

"పూడింది పోదక్కా. ఇంక పూడదు, అంతవరకే."

బయటికెళ్లి కాసేపు గుమ్మం ముందు నిలబడి, లోపలికొచ్చి, ఇంకోసారి పరిగెత్తించమన్నాను. అదే వచ్చింది. ఆ రాత్రి వదినకి చెబితే, "సరే, నాది పూడితే పూడింది. మిగతావాళ్లవి పూడనివ్వకు" అని కంచం ముందుకి జరిపింది.

*

రంగనాయకులు గారు మా గదిలోకి వచ్చి తెర చూశారు. "ఇవేంటమ్మా కిందకి వేలాడుతున్నాయి? ఎప్పుడు కట్టించారు?"

"మేం కట్టించలేదండీ. మీరే పనిలో పెట్టుకున్నారు" అన్నాను. అర్థమయ్యేలా చెప్పాను.

ఆయన కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా కూర్చున్నారు. జాలిపడుతున్నారేమో అనుకున్నాను. పడ్డారు కూడా, కాదనను. ఆ తర్వాత ఆయన బుర్ర ఇంకోవైపు తిరిగింది. "అయితే పనిలోకి తీసుకునే ముందు మనిషిని ఒకసారి కత్తి ముందు నిలబెడితే చాలన్నమాట. గొట్టం బాగోలేనివాళ్లని తీసుకోం. ఉన్నవాళ్లలో కూడా ఎవరికి బాగోలేదో తెలిస్తే, పాపం, ఇంట్లో రెస్టు..."

ఆ పాపం అన్న మాటకి నాకు తిక్క రేగింది. నేను చేసిన వస్తువుతో మా వదినని గడప దాటిస్తున్నాడీ పెద్దమనిషి, అదీ నా ముందే.

"మన ఒప్పందంలో మీరు రాయించిన మాట గుర్తుందాండీ?"

"ఏ గొట్టంలోనూ నుసి నిలవకూడదని. అవునమ్మా. అయితే?"

"ఏడు గొట్టాల్లో నిలుస్తోంది."

"అవి గొట్టాలు కావు కదమ్మా. వాటిని చెరిపెయ్."

"గాలి పోతోంది, వస్తోంది, నుసి పేరుకుంటోంది. గొట్టమంటే జంటకి ఇంతకంటే తెలీదు. నాకూ తెలీదు" అని, ఆ ఏడింటినీ ఫ్యాక్టరీ గొట్టాల లెక్కలో కలిపేసి మీట నొక్కాను.

లైను ఆగింది. కత్తులు పైన ఆగిపోయాయి. ఫ్యాను ఊళ మెల్లిగా తగ్గి, ఆ షెడ్డులో నేనెప్పుడూ విననంత నిశ్శబ్దమైంది. ఆడవాళ్లు ఏడుగురూ మా గది వైపు తిరిగారు.

"ఏం చేస్తున్నావమ్మా నువ్వు?"

"మిమ్మల్ని అడక్కుండా ఆపమన్నారు. ఆపాను."

ఆయన మొహం ఎర్రబడింది. గబగబా షెడ్డులోకి నడిచారు, నేను వెనకే. "తెర మీద సన్నగా ఉన్న ఆ మూడో చోట ఎవరు నిలబడతారు?" అని అడిగారు అందర్నీ. నేను వదిన వైపు చూడకుండా కత్తి వైపు చూశాను.

"ఎవరో ఒకరు నిలబడతామండీ" అంది తిరుపతమ్మ తాపీగా. "పొద్దున్నుంచీ చోట్లు మార్చుకుంటున్నాం. ఒకేచోట నిలబడితే కాళ్లు పట్టేస్తున్నాయి."

పొద్దుటినుంచీ తెర మీంచి తలెత్తలేదు, నాకు నిజంగా తెలీదు ఆ సంగతి. పొద్దున సన్న గొట్టం మూడులోంచి ఆరుకి, ఆరులోంచి ఒకటికి, మళ్లీ మూడుకి దూకుతుంటే బొత్తాలు పాడయ్యాయనుకున్నాను. వదిన వాళ్లకి చెప్పుకుంది. నాకంటే ముందే చెప్పుకుందేమో కూడా. ఇప్పుడు ఏడుగురూ ఆయన వైపు చూస్తున్నారు, ఏ మొహంలోనూ ఏమీ దొరకదు.

"రంగనాయకులు గారూ, మీరు నిలబడండి" అన్నాను.

"నేనా?"

"ఒక్క కట్ట కోసేంతసేపు. తెర మీకు కనిపించేలా తిప్పుతాను. ఏమీ లేకపోతే గొట్టాలు చెరిపేస్తాను, మీ మాట వింటాను."

అంతమంది ముందు కాదనలేకపోయారు. కండువా సర్దుకుని మూడో చోట నిలబడ్డారు. లైను మొదలెట్టాను. కత్తి దిగింది, పీలికలు లేచాయి. అద్దం అవతల తెర మీద ఆయన ముందు ఒక గొట్టం వచ్చింది, బాగా వెడల్పుగా. లోపలికి, బయటికి. నుసి సన్నగా మెరుస్తూ లోపలికి పోయింది. బయటికి వచ్చేటప్పుడు కాస్త తగ్గింది.

ఆయన ఊపిరి బిగబట్టారు. గొట్టం తెర మీంచి మాయమైంది. అందరం చూస్తున్నాం. ఆయన కళ్లు తెర మీదే ఉన్నాయి, బుగ్గలు పొంగాయి, మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపని బిగబడతారు. ఒక్కసారిగా వదిలి, గట్టిగా పీల్చారు. గొట్టం మళ్లీ వచ్చింది. ఈసారి నుసి ఒక్క వూపున లోపలికి పోయింది.

ఎవరూ నవ్వలేదు. ఆయన వెనక్కి జరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ చేతిని చూసుకున్నారు.

"ఇది నాలోంచి పోతుందా అమ్మా?"

"పోదండీ" అన్నాను. ఆయన మీద కోపం అప్పుడే పోయింది, ఏం చెయ్యను. "ఇక మీదట పోకుండా చూడొచ్చు. మూతులు దించాలి, రేకులు కట్టాలి. మా దగ్గర తీరు సిద్ధంగా ఉంది. అంతవరకూ లైను ఆగే ఉంటుంది."

"ఎవర్నీ ఇంటికి పంపకూడదు" అంది తిరుపతమ్మ.

ఆయన తలూపారు. వదిన చీర కొంగుతో కత్తి మీద పడిన నుసి తుడవబోయి, ఆగి, తడిగుడ్డ అందుకుంది.

*

మూతులు దించారు. వదిన ఇప్పుడు కత్తి దగ్గర లేదు. డాక్టరు వద్దంటే మూడు రోజులు నాతో పోట్లాడి, నాలుగో రోజు మా అద్దాల గదిలోకి వచ్చి తెర ముందు కూర్చుంది. "రెండో చోట, మూతి పక్కకి తిరిగింది, సర్దుకోండి" అని మైకులో అరుస్తూ ఉంటుంది. ఆడవాళ్లు ఆవిడకే ఇప్పుడు తోడికోడలని పేరు పెట్టారు. మెట్ల మీద సంచి సర్దుతూనే ఉంది. ఆ మెట్ల దగ్గర నాకు ఎప్పుడూ అలవాటు కాదు. సంచి నేను లాక్కుంటాను, ఆవిడ ఇవ్వదు.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఇలియాస్ పొద్దున్నే వచ్చి బొత్తాలన్నిటికీ టేపు అంటించాడు. గంధం వదినే తీసింది. కత్తులకి పెట్టారు, మూతులకి పెట్టారు. ఆ తర్వాత తిరుపతమ్మ, "ఇంకా ఏడు గొట్టాలున్నాయిగా, వాటికి పెట్టొద్దా" అంటూ పక్కావిడ గొంతు గుంటలో గంధం అద్దింది. ఒకరి గొంతుకొకరు పెట్టుకున్నారు. పళ్లెం వదిన దాకా వచ్చింది. ఎప్పటిలాగే అందుకుని, పక్కవాళ్లకి అందించబోయింది.

నేను పళ్లెం పట్టుకున్నాను.

"వద్దే నాంచారీ" అంది మెల్లిగా, వెనక్కి జరిగి. "నాకెందుకు."

"ఇది పేరంటం కాదు వదినా, ఆయుధ పూజ. గొట్టానికి పెడుతున్నాను" అన్నాను.

నన్నే చూసింది కాసేపు. మిగతా ఆరుగురూ చూస్తున్నారు, రంగనాయకులు గారు చూస్తున్నారు. నా వేలు మీద గంధం ఆరిపోతోంది.

వదిన గడ్డం పైకెత్తింది.